సేవాసఖ్యము



స్మారకోపన్యాసమునకు నిలిచినవాడు మొదటి అరగంటను దివంగతుని గుణకీర్తనమునకు వినియోగించుట మన సభలలో ఆచారమైనది. ఆ ఆచారమును నేడు నేను కొద్దిగానే పాటింపగలను. ఎవరి పేరిట ఈ యుపన్యాసము ఏర్పడినదో ఆ పెద్దలు తమ జీవితకాలమున ఒక్క శిలాఫలకము మీదనైనను తమ పేరు చెక్కనీయక, అన్నసత్రమునకు చందా యిచ్చిన దినమున గూడ ‘ఒక భక్తుడు’ అని రసీదు వ్రాయించుకొని, పొగడ్త వినబడినచోట కండువా దులుపుకొని లేచిపోవువారు. కావున వారిని గూర్చి ఒక్క విషయము మాత్రము చెప్పి విరమింతును. గోదావరీ పుష్కరములలో యాత్రికుల రోగిశాలగా వేసిన తాటాకుల పాకలో ఆయనతో గూడ రాత్రులు మేలుకొన్న సహచరులొకరు కలరు. వీరిరువురిలో ఒకరు పంచసంస్కారములు పొందిన శ్రీవైష్ణవులు. రెండవవారు శాంకరభాష్యమును చంక దిగనీయని అద్వైతులు. అరుగుమీద వారి వాదము ఒక్కనాడును తెగలేదు. పాకలో వారి పని ఒక్కనాడును ఆగలేదు. ఈ విషయము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. నేటి ప్రసంగము ఆ యాలోచనకు ఫలము.

భాగవతము చెప్పిన నవవిధభక్తులలో దాస్యము వెనుక సఖ్యము వచ్చును. ఆ సఖ్యము జీవునకు భగవంతుని తోడిది. భక్తునకు తోటి భక్తునితో గల సఖ్యమును గూర్చి అచట ప్రస్తావన లేదు. కాని భక్తుల చరిత్రలు శ్రద్ధగా చదివినవారికి ఒక్క యజమానుని కొలిచిన దాసులిరువురు కాలక్రమమున ఒకరికొకరు సఖులగుట, ఆ సఖ్యము బాల్యమైత్రి కంటెను రక్తసంబంధము కంటెను గట్టిదై వార్ధక్యము వఱకు నిలుచుట కంటబడక మానదు. అయితే ఇది అన్ని చోట్ల జరుగుచున్నదా యన్నచో, లేదని నిస్సంకోచముగా చెప్పవలసి యున్నది. దేవాలయ ధర్మకర్తల సంఘములలో స్నేహము పుట్టగా నేను చూడలేదు; అదే దేవాలయపు వంటశాలలో మాత్రము పలుమారులు చూచితిని. ఈ భేదమునకు కారణమేమి?

మన గోదావరీతీరముననే మొదలిడుదము. శ్రీకృష్ణచైతన్యులు 1510లో సన్న్యసించి దక్షిణయాత్రకు బయలుదేరినప్పుడు, సార్వభౌమ భట్టాచార్యుల మాట ననుసరించి, ప్రతాపరుద్ర గజపతి పక్షమున రాజమహేంద్రవర ప్రాంతమును పాలించుచుండిన రామానందరాయని కొవ్వూరు రేవున కలిసికొనిరని గౌడీయుల సంప్రదాయము. రాయలు పల్లకి యెక్కి, వాద్యములు మ్రోగుచుండగా, వైదికబ్రాహ్మణులు వెంటరాగా స్నానార్థమై వచ్చెను. అచట కూర్చున్న యువసన్న్యాసిని చూచి పల్లకి దిగెను. వారి సాయంకాలపు సంభాషణలు చైతన్యచరితామృతమున ఒక ప్రకరణమై నిలిచినవి. పిదప రాయలు అధికారమును విడిచి పూరీ చేరగా అచట ఆయనకు తోడైనవాడు స్వరూప దామోదరుడు. ఒకరు రాజ్యతంత్రము నడపినవాడు, ఐశ్వర్యమెఱిగినవాడు, జగన్నాథవల్లభ నాటకకర్త. ఇంకొకరు నవద్వీపపు విరక్తుడు, గాయకుడు, చైతన్యుల కర్పింపవచ్చిన ప్రతి కావ్యమును ముందు తాను పరీక్షించి గాని లోనికి పోనీయని కఠినుడు. ఇట్టివారు వేరొకచోట కలిసికొన్నచో నమస్కార ప్రతినమస్కారములతో సరిపెట్టుకొని యుందురు. చైతన్యుల చివరి పండ్రెండేండ్లును కాశీమిశ్రుని యింటిలోని గంభీర యను ఇఱుకు గదిలో విరహోన్మాదమున గడచినవి. రాత్రులయందు ఆయన దుఃఖము మిన్నుముట్టినప్పుడు రాయలు శ్లోకము చదువును, స్వరూపుడు పాట పాడును. ఒకరి గొంతు అలసినచో మఱియొకరిది అందుకొనును. ఆ ఘట్టమున రసతత్త్వమును వెదకు పండితులకు రసతత్త్వము దొరకును. నాకు మాత్రము, ఒక్క యార్తుని చెంత రాత్రివెంబడి రాత్రి వంతులు పంచుకొన్న మనుష్యులిరువురే అచట కనబడుదురు.

దూరకాలపు కథలకు భక్తకవుల అలంకారములు తగులుట సహజము గాన, కన్నవారు విన్నవారే దినచర్యలుగను లేఖలుగను వ్రాసిపెట్టిన వేఱొక వృత్తాంతమును ఇకపై కొంత విపులముగా చెప్పెదను. అది కలకత్తాకు ఉత్తరమున, కాశీపురమున, ఒక తోటయింటిలో జరిగినది.

శ్రీరామకృష్ణ పరమహంసకు 1885లో కంఠవ్రణము బయలుపడినది. వైద్యసౌకర్యమునకై ఆయనను దక్షిణేశ్వరమునుండి శ్యామపుకురునకును, అచట గాలియు వెలుతురును చాలక ఆ సంవత్సరము డిసెంబరు 11న కాశీపురమునకును తరలించిరి. తోటయింటి అద్దె నెలకు 80 రూపాయలు; దానిని సురేంద్రనాథ మిత్రుడు భరించెను. చికిత్స మహేంద్రలాల్ సర్కారుది, పథ్యము వండుట శారదాదేవిది, పరిచర్య కుఱ్ఱవాండ్రది. ఈ కుఱ్ఱవాండ్రెవరో కొంచెము నిదానించి చూడవలెను. నరేంద్రుడు తండ్రి చనిపోయి, ఇల్లు అప్పులపాలై, న్యాయశాస్త్ర పరీక్షకు చదువుచుండిన తార్కికుడు. రాఖాలుడు కలవారి బిడ్డ, వివాహితుడు. శశి, శరత్తు అన్నదమ్ముల బిడ్డలు; శరత్తు వైద్యకళాశాలలో చేరియుండెను, శశి బి.ఏ. పరీక్ష వాకిట నిలిచియుండెను. లాటు ఛప్రా ప్రాంతమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, కలకత్తాలో ఒక భక్తుని యింట పనివాడుగా కుదిరిన నిరక్షరుడు. పెద్ద గోపాలుడో, గురువు కంటెను వయసున పెద్దవాడు, భార్యావియోగముచేత కుంగి అచటికి వచ్చినవాడు. వీరిని ఒక్క వీధిలో కాపురముంచినచో ఏండ్లు గడచినను ఒకరి గడప ఒకరు త్రొక్కియుండరు. స్నేహమునకు శీలసామ్యము, వయస్సామ్యము, విద్యాసామ్యము కావలెనని నీతిశాస్త్రము లెంత చెప్పినను, ఈ తోటయింటిలో వానిలో ఒక్కటియు లేదు.

ఉన్నది పని. రాత్రింబవళ్ళు వంతులు వేసికొనిరి. విసనకఱ్ఱతో వీచుట, పుండునుండి కారిన నెత్తురు చీము తుడుచుట, మ్రింగుడు పడని గొంతులోనికి గంజి చుక్కచుక్కగా దింపుట, కలకత్తాకు నడచిపోయి మందులు తెచ్చుట, అంట్లు తోముట, గది యూడ్చుట. వంతు ముగిసినవారు చలికాలపు రాత్రులలో తోటలోని యెండుకొమ్మలు పోగుచేసి నిప్పు రాజవేసికొని ధ్యానమునకు కూర్చుండిరి. ఈ ధ్యానమును గూర్చి జీవితచరిత్రకారులు పుటలు పుటలుగా వ్రాసిరి. అంట్లు తోమినది మాత్రము ఒకటి రెండు వాక్యములలో తేల్చివేసిరి. నా తలపున ఆ తరువాతి నలువది యేండ్ల చరిత్రకు మూలము ఆ రెండవదానిలోనే యున్నది.

ఆ దినములు కలహము లేని దినములని యనుకొనరాదు. వ్యాధి అంటునేమో యను గుసగుస పరిచారకులలో బయలుదేరినది. కొందఱు జంకుచుండుట కనిపెట్టి నరేంద్రుడు, రోగి త్రాగి విడిచిన గంజిగిన్నెను, ఉమ్మి కలిసియున్నదానిని, అందఱి యెదుట ఎత్తి త్రాగివేసెను. ఆ దినముతో గుసగుస ఆగిపోయినది. మఱికొన్నాళ్ళకు ఖర్చు మితిమీరుచున్నదని గృహస్థభక్తులు కొందఱు లెక్కలడిగిరి. పరిచారకుల సంఖ్యను తగ్గింపవలెననిరి. కుఱ్ఱలకు రోషము పొంగినది. ముష్టియెత్తియైనను గురువును సాకుదుము గాని మీ రూపాయి మాకు వలదన్నంతవఱకు మాట పోయినది. తప్పెవరిదన్నచో, ఇరువురిదియు గాదని నా యభిప్రాయము. డబ్బిచ్చువానికి లెక్క కావలెను, ఒడలు వంచువానికి గౌరవము కావలెను. ఏ ధర్మకార్యమునకైనను ఈ తగవు తప్పదు. గమనింపదగినది వేఱొకటి: ఈ తగవు గృహస్థులకును కుఱ్ఱవాండ్రకును నడుమ వచ్చినదే గాని, పడక చుట్టు తిరుగు కుఱ్ఱలలో తమలో తమకు రాలేదు.

పెద్ద గోపాలుడు గంగాసాగర యాత్రకు వచ్చు సాధువులకు పంచుటకై పండ్రెండు కాషాయవస్త్రములును రుద్రాక్షమాలలును సిద్ధపఱచుకొనగా, ఇంతకంటె మంచి సాధువులు నీకెక్కడ దొరకుదురని గురువు ఈ కుఱ్ఱలకే వానిని పంచిపెట్టించెనట. పదునొకండు వారికి చెందినవి. పండ్రెండవది నాటకకర్తయైన గిరీశచంద్ర ఘోషునకై దాచబడినది. 1886 ఆగస్టు 16న శ్రీరామకృష్ణులు దేహము చాలించిరి.

ఇంతలో నిజమైన పరీక్ష వచ్చినది. రోగి లేడు, పంచుకొనుటకు వంతులు లేవు, మిగిలినది అస్థికలశము. దానిని కాంకుర్‌గాఛీలోని తన తోటలో స్థాపింపవలెనని గృహస్థభక్తుడైన రామచంద్ర దత్తుడు, తమవద్దనే యుంచుకొనవలెనని కుఱ్ఱలు పట్టుపట్టిరి. కుఱ్ఱలు రహస్యముగా అస్థులలో అధికభాగమును వేఱొక పాత్రకు మార్చి దాచుకొని, కలశమును గృహస్థుల కప్పగించిరి. గురువు బూడిదకై శిష్యులు కొట్టుకొనిరన్న అపవాదు వలదని నరేంద్రుడు తనవారిని శాంతింపజేసెను. కృష్ణాష్టమినాడు ఆ కలశమును తలపై పెట్టుకొని కాంకుర్‌గాఛీకి మోసినవాడు, దానిని విడువనని యందఱి కంటె గట్టిగా పట్టుపట్టిన శశియే.

ఇచట కొంచెము ప్రక్కదారి త్రొక్కుటకు సభవారు మన్నింతురు గాక. మహాత్ముని సమాధి చుట్టు భక్తులు చేరి, కలహించుటయే కాని కలియుట లేని దృష్టాంతము మన తెలుగు పాటకు పుట్టినిల్లయిన కావేరీతీరముననే కలదు. త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారున సిద్ధి పొందిరి. ఆయన కీర్తనలను పాడువారందఱును ఆయనను దైవముగా కొలుచువారే. ఐనను, ఇరువదవ శతాబ్దారంభమున ఆరాధన పెద్ద యుత్సవమైన కొలదికాలమునకే విద్వాంసులు పెద్దకచ్చి, చిన్నకచ్చి యని రెండు పక్షములై విడిపోయి, వేఱువేఱుగా ఆరాధనలు సలిపిరి. బెంగళూరు నాగరత్నమ్మగారు తన యావదార్జితమును వెచ్చించి 1921లో సమాధిమందిర నిర్మాణమునకు పూనుకొని, 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిపించిన పిదప గూడ, స్త్రీలకు అచట పాడుటకు అవకాశము లేకపోగా ఆమె వారికొఱకు ప్రత్యేకముగా ఆరాధన నడపవలసి వచ్చినది. పక్షములు కలిసి యొక్కటిగా ఆరాధన జరుపుటకు 1940 ప్రాంతము వఱకు ఆగవలసినది. వీరు భక్తిహీనులా? కారు. విద్యాహీనులా? అంతకంటెను కారు. కాని అచటి సేవలో పంచుకొనవలసినది గౌరవము: ఎవరు ముందు పాడవలె, ఎవరు వేదిక నెక్కవలె, ఎవరి పేరు ఆహ్వానపత్రమున పైన నుండవలె. గౌరవమును పంచుకొనుచోట ఒకనికి పెరిగినది ఇంకొకనికి తరుగును. కాశీపురపు గదిలో పంచుకొనవలసినది నెత్తుటి గుడ్డలు. ఒకడు ఎక్కువ ఉదికినచో వేఱొకనికి విశ్రాంతి లభించును. ఈర్ష్యకు చోటు లేదు. నా ప్రసంగమంతయు ఈ యొక్క మాటను ఆధారముగా గొన్నది.

ఇక కథకు వత్తము. 1886 శరత్కాలమున వరాహనగరములో ఒక పాడుపడిన కొంప దొరకినది. దయ్యముల యిల్లని పేరుపడుటచేత అద్దె పది పదునొకండు రూపాయలకు మించలేదు. అదియు సురేంద్రుడే యిచ్చెను. ఆ డిసెంబరున ఆంటుపురములో, వారిలో ఒకడైన బాబురాముని యింట, ధుని చుట్టు కూర్చుండి యిల్లువాకిళ్ళు విడుతుమని వారు శపథము చేసిరి. ఆ పిదప వరాహనగరపు దారిద్ర్యము! బియ్యము దొరకిన దినమున ఉప్పు లేదు. ఉప్పు దొరకిన దినమున కూర లేదు. పెరటి కంచెమీద ప్రాకిన కాకిదొండ ఆకులను ఉడుకబెట్టుకొని అన్నములో కలుపుకొని తినిరి. ఒడలికి కౌపీనములు; వీధిలోనికి పోవలసినవాడు కట్టుకొనుటకై అందఱికి కలిపి ఒక మంచి బట్టల జత గోడకు వ్రేలాడుచుండెడిది. పోయివచ్చినవాడు దానిని మరల అచటనే తగిలింపవలెను. పదిమందికి ఒక్క పంచెయైన యింట ఎవరు పెద్ద, ఎవరు చిన్న?

అచట శశి చేసిన పనిని గూర్చి ఎంత చెప్పినను తక్కువయే. తక్కినవారు ధ్యానమున లోకము మఱచి కూర్చుండగా, గురువుగారి పటమునకు నైవేద్యము పెట్టి, ఆ ప్రసాదమును పట్టుకొని ఒక్కొక్కనిని వెదకి, అవసరమైనచో చేయిపట్టి లాగి అన్నమునకు కూర్చుండబెట్టువాడు శశి. ఇల్లు గడువక కొన్ని నెలలు బడిపంతులు పనియు చేసెను. సోదరులు హిమాలయములకని, ద్వారకకని ఒకరి వెనుక ఒకరు బయలుదేరిపోయినను, పటమును విడిచి తీర్థయాత్రల పేరెత్తనివాడు అతడొక్కడే. ఆ మఠమునకు తల్లివంటివాడని నరేంద్రుడు, అనగా తరువాతి వివేకానందస్వామి, పలుమారు చెప్పుకొన్నది ఉత్తమాట కాదు.

ఈ స్నేహము ఒక్కొక్కప్పుడు సంకెలయు నైనది. 1890 చివర మీరటులో సోదరులు పలువురు అనుకోకుండ కలిసికొని కొన్ని వారములు కలిసి కాపురముండిరి. కొత్త సంవత్సరము రాగానే నరేంద్రుడు, ఈ మమకారమును గూడ త్రెంచుకొనవలెనని, ఎవరును వెంటరావలదని చెప్పి ఒంటరిగా వెడలిపోయెను. ఆ సోదరులలో ఒకడైన అఖండానందుడు విడువలేదు. ఊరినుండి యూరికి, రాజపుతానానుండి ఘూర్జరమునకు జాడలు తీయుచు, ప్రతిచోట నరేంద్రుడు నిన్ననో మొన్ననో వెడలినాడన్న మాట వినుచు, చిట్టచివరకు కచ్ఛదేశపు మాండవీ రేవులో ఆయనను పట్టుకొనెను. అప్పటికైనను నరేంద్రుడు అతనిని వెనుకకు పంపివేసెను. అయినను కోపించి పంపలేదు. సన్న్యాసులకు ఇంత మమకారమేల యని వేదాంతులు అడుగవచ్చును. అడుగుదురు గాక.

అభిప్రాయభేదములు లేవా? కావలసినన్ని! 1897 మే 1న బలరామ బోసు ఇంట రామకృష్ణ మిషన్ స్థాపింపబడినప్పుడు, ఈ ఆసుపత్రులు, సంఘములు, క్షామనివారణములు గురువు చెప్పినవా, నీవు పాశ్చాత్యదేశములనుండి తెచ్చినవా యని సోదరులలో ఒకడైన యోగానందుడు వివేకానందుని ముఖముమీదనే అడిగెను. లాటుకు మఠనియమములు పడలేదు. తెల్లవారుజామున గంట కొట్టి అందఱును ధ్యానమునకు లేవవలెనన్న నిబంధన రాగానే మూట కట్టుకొనెను. నియమములు కొత్తవారికి గాని నీకు గావని వివేకానందుడు బ్రతిమాలి నిలుపవలసి వచ్చినది. ప్రపంచవిఖ్యాతుడైన వక్త యొకడు, అక్షరము రాని పూర్వపు పనివాని వెనుక తలుపుదాక పోయి బ్రతిమాలుట సామాన్యవిషయమా? కాశీపురమున ఆ చేతులు ఏమి చేసినవో అతడు చూచియుండెను. ఒకని చాకిరిని కన్నులార చూచిన పిమ్మట అతనితో సిద్ధాంతములు కలియకపోయినను మనసు విఱుగదు.

1897 ఫిబ్రవరిలో వివేకానందుడు చెన్నపట్టణము వచ్చినప్పుడు, తమకొక సన్న్యాసిని పంపుమని అచటివారు కోరిరి. మీ వైదికుల కంటెను వైదికుడైనవానిని పంపుదునని ఆయన మాటయిచ్చి, కలకత్తా చేరగానే శశిని పిలిచెను. పదునొకండేండ్లు పటము ముందునుండి కదలని శశి, అనగా రామకృష్ణానందుడు, ఎదురుమాట యాడక మార్చి నెలలోనే ఓడ యెక్కి వచ్చెను. సముద్రపుటొడ్డున మంచుభవనముగా ప్రసిద్ధమైన బిళిగిరి అయ్యంగారి మేడలో ఆయన కొకచోటు దొరకినది. ఊరి నాలుగు మూలల వారమునకు ఎన్నియో తరగతులు. బండికి డబ్బు లేనప్పుడు ఎండలో నడక. తిరిగివచ్చి తానే వండి, పటమునకు నివేదించి, తినుట. ఒకనాడు కుంభవృష్టి కురియగా శ్రోత యొక్కడును రాలేదు. ఆయన మాత్రము నియమిత కాలమంతయు ఖాళీ గదిలో ఉపన్యసించి లేచెనని శిష్యులు చెప్పుకొందురు. అయ్యంగారి యనంతరము 1906లో ఆ మేడ వేలమున పోయినది. కొండయ్య సెట్టి మైలాపూరున ఇచ్చిన స్థలములో 1907లో చిన్న మఠము లేచినది. అదియు నాసిరకపు కట్టడమగుటచేత వానకు కారుచుండెను. రాత్రి వాన వచ్చినచో ఆయన నిద్రలేచి, గురువుగారి పటముపై గొడుగు పట్టుకొని నిలిచి తెల్లవార్చెడివాడు. కాశీపురమున విసనకఱ్ఱ పట్టిన చేయియే మైలాపూరున గొడుగు పట్టినది.

1908లో బ్రహ్మానందస్వామిని, అనగా నాటి రాఖాలుని, దక్షిణదేశమునకు తోడ్కొని వచ్చుటకై రామకృష్ణానందుడు స్వయముగా పూరీకి పోయెను. వచ్చిన యతిథిని ఆయన సోదరునిగా గాక గురుపుత్రునిగా పూజించి, శిష్యులచేతను పూజింపజేసెను. రామేశ్వరమునకును మధురకును వెంటబెట్టుకొని పోయెను. దక్షిణదేశమున వినిన రామనామ సంకీర్తనమును బ్రహ్మానందులు వంగదేశపు మఠములలో ప్రవేశపెట్టిరి. నేటికిని ఏకాదశినాడు అచట అది పాడబడుచున్నది. 1911లో శారదాదేవిని చెన్నపట్టణమునకును రామేశ్వరమునకును రప్పించి సేవించిన కొన్ని నెలలకే రామకృష్ణానందునకు క్షయ ముదిరినది. కలకత్తాలో, బాగ్‌బజారున, శరత్తు అప్పుచేసి కట్టించిన ఉద్బోధన భవనమునకు ఆయనను చేర్చిరి. ఇరువదియైదేండ్లకు పూర్వము ఒక్క రోగి మంచమునకు చెఱియొక ప్రక్క నిలిచిన అన్నదమ్ములలో ఒకరు ఇప్పుడు రోగి. ఇంకొకరు ఆ యింటి యజమాని. ఆగస్టు 21న రామకృష్ణానందుడు దేహము చాలించెను.

ఈ సోదరులు ఒక గురువు బిడ్డలు గాన వారి మైత్రి సహజమే యని యనువారుందురు. గురువును కన్నులార చూడని తరమువారి కథ యొకటి చెప్పి ముగింతును. ఉత్తరాపథమున సంచరించు దినములలో వివేకానందుడు, హృషీకేశము దిక్కున రోగగ్రస్తులైన సాధువులు నీరిచ్చువారు లేక చెట్లక్రింద ప్రాణములు విడుచుట చూచియుండెను. తానును అచట మరణము వాకిలి దాక పోయివచ్చెను. ఆయన మాటమీద కల్యాణానందుడను వంగీయ శిష్యుడు 1901లో హరిద్వారము ప్రక్కన కంఖల్‌లో ఒకటి రెండు అద్దె గదులు పుచ్చుకొని, ఒక మందుల పెట్టెతో సేవ మొదలుపెట్టెను. 1903లో నిశ్చయానందుడు వచ్చి చేరెను. ఇతడు మహారాష్ట్రుడు, పూర్వాశ్రమమున సిపాయి. వంగభాష యితనికి మాతృభాష గాదు. మరాటీ కల్యాణానందునకు రాదు. ఇరువురును అన్నసత్రములలో మాధుకరము తెచ్చుకొని తినుచు, రోగుల మలమూత్రములను తామే ఎత్తుచు, కంఖల్‌నుండి హృషీకేశమునకు పదునైదు మైళ్ళకు పైబడిన దారిని మందులు మోసికొని కాలినడకను పోయి వచ్చుచు నుండిరి.

దానికి లభించిన బహుమానము వెలి. మలము ముట్టిన సన్న్యాసులని సాటి సాధువులు వారిని భంగీ సాధువులని పిలిచి, పంక్తిలో కూర్చుండనీయరైరి. హృషీకేశపు కైలాసాశ్రమాధిపతులైన ధనరాజగిరి స్వామి, వేదాంతమున నాటి సాధులోకమునకు పెద్దదిక్కు, ఒక భండారానాడు ఈ యిరువురు రానిదే తాను విస్తరి ముందు కూర్చుండనని పట్టుపట్టి పిలిపించిన పిమ్మట గాని ఆ వెలి సడలలేదని ప్రతీతి. ఆ వెలియే వారికి మేలు చేసినదని నేననుకొందును. లోకము ఇరువురిని ఒక్క పేరుతో తిట్టినప్పుడు, ఆ యిరువురికి నడుమ గోడ కట్టుటకు ఇంకెవరికిని ఇటుక దొరకదు. ముప్పది యొకటేండ్లు వారు కలిసి పనిచేసిరి. ఒకరినొకరు పొగడుకొన్నట్లు గాని, ఒకరినిగూర్చి ఒకరు వ్రాసినట్లు గాని నాకెచటను కనబడలేదు, తీరికయు నుండియుండదు. నిశ్చయానందుడు 1934 అక్టోబరులో పోయెను. వంగదేశమును మఱచిపొమ్మన్న వివేకానందుని మాటకు కట్టుబడి జన్మభూమికి తిరిగిపోని కల్యాణానందుడు మూడేండ్లకు, 1937 అక్టోబరులోనే, పోయెను.

కంఖల్‌లో దక్షేశ్వరాలయము చూచుటకు మన తెలుగు యాత్రికులు ఏటేట వేలకొలది పోవుచున్నారు. ఆ సేవాశ్రమము ఆ యూరిలోనే యున్నది. ఆసుపత్రి నడచుచునే యున్నది. స్నానసంకల్పములు ముగిసిన పిదప ఇంటికి మరలుటకు తొందరపడక, ఒక్క పూట అచటికి పోయి, డబ్బిచ్చి రసీదు తీసికొని వచ్చుటతో సరిపెట్టుకొనక, వారు చూపిన పనిలో చేయి వేసి రండని, వీలైనచో ఇంటిలో మీతో పొసగని బంధువు నొకరిని గూడ వెంటబెట్టుకొని పొండని నా మనవి.